మొహమాటానికి పెట్టే సంతకాలు, ఇచ్చే చేబదుళ్లు: మంచితనం ఎక్కడ దెబ్బ తీస్తుంది?

తెనాలి_చదువరి

అందరికీ నమస్కారం. "ఆయన మంచాయన, అడిగితే కాదనడు" అని పేరు పడ్డవాళ్ల గడపకే జామీను సంతకాలు, చీటీ హామీలు, చేబదుళ్లు వెతుక్కుంటూ వస్తాయి. ఆ పేరుతో మేలూ ఉంది. అద్దె ఇల్లు దొరకడం దగ్గర్నుంచి అర్ధరాత్రి ఆసుపత్రికి తోడు రావడం దాకా పదిమంది పలుకుతారు. నష్టం మాత్రం వెంటనే కనపడదు, సంతకం పెట్టిన రెండేళ్లకో మూడేళ్లకో నోటీసు రూపంలో వస్తుంది.

తెలిసినవాళ్లు వివరంగా రాయాలని అడుగుతున్నాను. హామీదారు నెత్తిన నిజంగా ఎంత పడుతుంది? బంధువుకి డబ్బిచ్చేటప్పుడు కాగితం ఎలా ఉండాలి? సంబంధం చెడకుండా కాదనడం ఎలా? అసలు ఈ నష్టం మంచితనం వల్లా, ఇంకేదైనా గుణం వల్లా? సొంత గొడవలు వద్దు, ఎవరికైనా పనికొచ్చే వివరాలు చాలు.

రుణశాఖ_మూర్తి

మొదటి ప్రశ్నకి చెప్తాను. "ఊరికే ఫార్మాలిటీ అండీ, ఒక సంతకం పెడితే చాలు" అని అడుగుతారు. బ్యాంకు దృష్టిలో ఆ సంతకం ఫార్మాలిటీ కాదు. భారత ఒప్పందాల చట్టం 1872, సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. 10 లక్షల అప్పుకి ఇద్దరు హామీ ఉన్నారంటే చెరో 5 లక్షలు అనుకుంటారు చాలామంది. బ్యాంకు ఆ ఇద్దరిలో ఒక్కరినే పట్టుకుని మొత్తం 10 లక్షలు, దాని వడ్డీ, ఖర్చులు వసూలు చేసుకోవచ్చు. సగం సగం లెక్క ఆ ఇద్దరూ తర్వాత తమలో తాము తేల్చుకోవాల్సిందే.

సంతకం పెట్టేముందు చూడాల్సినవి ఉన్నాయి. హామీ పత్రంలో మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ నింపి ఉండాలి. ఖాళీ ఫారం మీద "తర్వాత నింపుతాం" అంటే పెట్టకూడదు. అది టర్మ్ లోనా (ఒకేసారి తీసుకుని కిస్తీల్లో తీర్చేది), క్యాష్ క్రెడిట్టా (వ్యాపారి కావాల్సినప్పుడల్లా తీసుకుంటూ, కడుతూ ఉండేది) అన్నది తప్పనిసరిగా అడగాలి. టర్మ్ లోన్ అయితే కిస్తీలు కట్టేకొద్దీ మీ భారం తగ్గుతుంది. క్యాష్ క్రెడిట్ అయితే అది కొనసాగే హామీ. వ్యాపారి ఈ నెల మొత్తం కట్టేసి ఖాతా సున్నా చేసినా, వచ్చే నెల మళ్లీ తీసుకుంటే మీరు మళ్లీ హామీలోనే ఉంటారు. బాకీ సున్నా అయినంత మాత్రాన అది ముగియదు.

ఇంకొకటి. హామీ ఇచ్చిన అప్పు మీ సిబిల్ రిపోర్టులో కూడా "గ్యారంటర్" అని కనపడుతుంది. వాళ్ల కిస్తీ 90 రోజులు దాటి ఆగితే ఖాతా ఎన్‌పీఏ (మొండిబాకీ) అవుతుంది, ఆ మరక మీ రిపోర్టు మీదా పడుతుంది. మీ పిల్లల చదువుకో, ఇంటికో మీరు అప్పుకి వెళ్లిన రోజున అది బయటపడుతుంది. సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. హామీ సంతకం పెట్టినవాళ్లు ఏటా ఒక నెల గుర్తు పెట్టుకుని అది తెప్పించుకోండి. అప్పు తీసుకున్నవాళ్లని "కడుతున్నావా?" అని అడగడానికి మొహమాటపడేవాళ్లకి ఇంతకంటే మంచి దారి లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు.

కృష్ణాతీరం

మూర్తిగారూ, ఒక సందేహం. ముందు అప్పు తీసుకున్నవాడి ఆస్తి అమ్మి, చాలకపోతేనే కదండీ హామీదారు దగ్గరికి రావాలి? మా వైపు అందరూ అదే చెప్తారు.

సివిల్_గుమాస్తా

అందరూ చెప్పేది అదే గానీ చట్టం అలా లేదండీ. 1969 లా రిపోర్టుల్లో ఉన్న బ్యాంక్ ఆఫ్ బిహార్, దామోదర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. అప్పు తీసుకున్నవాడి మీద అన్ని ప్రయత్నాలూ అయ్యాకే హామీదారు మీదికి రావాలన్న నియమం లేదు. నికరమైన జీతం ఉన్న హామీదారు, ఎక్కడున్నాడో తెలియని బాకీదారు ఉంటే అప్పిచ్చినవాడు ఎవరి దగ్గరికి పోతాడో ఊహించుకోవచ్చు.

చట్టం హామీదారుకి కొన్ని రక్షణలు ఇచ్చింది. మీకు చెప్పకుండా అప్పు షరతులు మార్చితే (సెక్షన్ 133), బాకీదారుతో రాజీపడి గడువు పొడిగిస్తే (135) హామీ నుంచి బయటపడొచ్చు. అయితే అచ్చు ఫారాల్లో సన్న అక్షరాల్లో "ఈ సెక్షన్ల కింద నాకున్న హక్కులు వదులుకుంటున్నాను" అని ఉంటుంది. సంతకంతో పాటు ఆ రక్షణ కూడా పోతుంది. బాకీదారు ఎదురుగా కూర్చుని ఉండగా నాలుగు పేజీలు చదవడం అమర్యాద అనుకుని చివరి పేజీకి వెళ్లేవాళ్లే ఎక్కువ. ముందురోజు ఫారం నకలు ఇంటికి తెప్పించుకోండి. అడగడం తప్పేమీ కాదు.

చీటీల_లెక్క

బ్యాంకు హామీ కన్నా మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ మందిని ముంచేది చీటీ హామీ. లెక్క ఎవరూ వేసుకోరు కాబట్టి వేసి చూపిస్తాను.

5 లక్షల చీటీ, 50 మంది, నెలకి 10,000. ఒకాయన 6వ నెలలో పాడుకున్నాడు, లక్షన్నర తగ్గించుకుని చేతికి మూడున్నర లక్షలు తీసుకున్నాడు. జామీను పెట్టేవాళ్లు "మూడున్నర లక్షలకి కదా హామీ" అనుకుంటారు. కాదు. ఇంకా కట్టాల్సినవి 44 నెలలు. 44 పదివేలు, అంటే 4 లక్షల 40 వేలు. అదీ మీ హామీ. సక్రమంగా కట్టినంతకాలం డివిడెండు (పాటలో తగ్గిన మొత్తంలో సభ్యులకి వచ్చే వాటా) పోను తక్కువే పడుతుంది గానీ, వాయిదా తప్పినవాళ్లకి మామూలుగా డివిడెండు ఇవ్వరు, పైగా వడ్డీ వేస్తారు. చిట్ ఫండ్స్ చట్టం 1982 ప్రకారం, పాడుకున్నవాడు కట్టడం ఆపితే రాబోయే నెలల బాకీ మొత్తం ఒకేసారి కట్టమని నోటీసివ్వొచ్చు. అందుకే జామీనుదారుకి వచ్చే మొదటి కాగితంలోనే అంత పెద్ద అంకె ఉంటుంది.

కాబట్టి చీటీ హామీకి ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్నో నెలలో పాడుతున్నావు?" అన్నది. 40వ నెలలో పాడినవాడికి ఇచ్చే హామీ, 4వ నెలలో పాడినవాడికి ఇచ్చే హామీ ఒకటి కాదు. మొదటి నెలల్లో బాగా తగ్గించుకుని పాడాడంటే డబ్బు అవసరం గట్టిగా ఉందన్నమాట. ఆ డబ్బు దేనికి పోతోందో కూడా అడగండి. పాత అప్పు తీర్చడానికైతే ఆ హామీ జోలికి పోకపోవడమే మంచిది.

ప్రభుత్వ ఉద్యోగుల్ని, టీచర్లని జామీనుకి ఎక్కువ అడగడానికి కారణం జీతం. వాళ్ల జీతం నుంచి కోత పెట్టడం తేలిక.

కృష్ణాతీరం

జీతంలో ఎంత కోస్తారు? మొత్తం ఆపేస్తారా?

సివిల్_గుమాస్తా

మొత్తం ఆపరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి 1,000, మిగతా దాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. లెక్కకి వచ్చే జీతం 60,000 అనుకోండి. 1,000 తీసేస్తే 59,000, అందులో మూడో వంతు అంటే నెలకి సుమారు 19,667 జప్తు. ఒకే డిక్రీ (కోర్టు తీర్పు) కింద మొత్తం 24 నెలలకు మించి జీతం పట్టకూడదు. భరణం డిక్రీలకి లెక్క వేరు. ప్రభుత్వ పెన్షను, పీఎఫ్ సొమ్ము జప్తు కావు.

నెలకి ఇరవై వేలు చొప్పున రెండేళ్లు. ఇంట్లోవాళ్లకి చెప్పకుండా పెట్టిన సంతకం అయితే ఆ మొదటి నెల జీతం చీటీ చూశాకే వాళ్లకి తెలుస్తుంది.

మనోవిజ్ఞానం_పాఠం

చదువరిగారు అడిగిన చివరి ప్రశ్న నాకు ముఖ్యం అనిపిస్తోంది. నష్టం మంచితనం వల్లా?

మనస్తత్వ శాస్త్రంలో వ్యక్తిత్వాన్ని ఐదు పెద్ద లక్షణాలుగా కొలుస్తారు. అందులో ఒకటి ఎదుటివాళ్లతో సర్దుకుపోయే గుణం. 2007లో డీయంగ్, క్విల్టీ, పీటర్సన్ ఈ గుణాన్ని మళ్లీ రెండుగా విడదీశారు. ఒకటి జాలి, ఎదుటివాడి కష్టం తనకి తగలడం. రెండోది మర్యాద, ఎదురు చెప్పకుండా ఉండడం, గొడవ రానివ్వకపోవడం. రెండూ ఒకే మనిషిలో తరచుగా కలిసే ఉంటాయి గానీ రెండూ ఒకటి కాదు. జాలి ఉన్నవాడు ఆసుపత్రి బిల్లు కడతాడు. మర్యాద ఎక్కువైనవాడు కాగితం చదవకుండా సంతకం పెడతాడు. మనం మొహమాటం అంటున్నది ఈ రెండోదాన్నే.

డబ్బు సంగతికొస్తే, శాండ్రా మాట్జ్, జో గ్లాడ్‌స్టన్ చేసిన పరిశోధన ఒకటుంది. సర్దుకుపోయే స్వభావం ఉన్నవాళ్లకి పొదుపు తక్కువ, అప్పులు ఎక్కువ, బాకీలు ఎగవేయాల్సి వచ్చే పరిస్థితి ఎక్కువ అని చూపించారు. కారణం బేరం చేతకాకపోవడం అని అందరూ అనుకుంటారు. వాళ్ల లెక్కల్లో తేలింది వేరు. వీళ్లు డబ్బుకి తక్కువ విలువ ఇస్తారు, అందుకని దాన్ని జాగ్రత్తగా చూసుకోరు. రెండోది, ఈ నష్టం ఆదాయం తక్కువ ఉన్నవాళ్లలోనే బాగా ఎక్కువ. ఉన్నవాడి మంచితనం వాడిని ముంచదు, లేనివాడి మంచితనం ముంచుతుంది. హామీ సంతకాల విషయంలో ఇది చాలా పెద్ద తేడా. ఒకే సంతకం ఇద్దరూ పెడితే, ఒకరికి అది చికాకు, ఇంకొకరికి పిల్లల ఫీజు.

జీతాల మీద కూడా 2012లో జడ్జ్, లివింగ్‌స్టన్, హర్స్ట్ రాసిన పత్రం ఉంది. సర్దుకుపోయేవాళ్ల జీతాలు తక్కువగా ఉన్నాయి, ఆ తేడా మగవాళ్లలో ఆడవాళ్ల కన్నా ఎక్కువ. ఇవన్నీ పాశ్చాత్య దేశాల్లో చేసినవి. మన ఉమ్మడి కుటుంబాల లెక్కలకి యథాతథంగా అతికించకూడదు.

పాలమూరు_బిడ్డ

అందరు నష్టమే చెప్తున్రు. ఇంకో వైపు నేను చెప్త. ఊర్ల అర్ధరాత్రి పాము కరిచినా, కాన్పు నొప్పులొచ్చినా బ్యాంకు తెరువది. అప్పుడు కాగితం లేకుంట ఐదువేలో పదివేలో చేతిల పెట్టెటోడు ఉంటెనే మనిషి బతుకుతడు. విత్తనాల టైముల చేబదులు, పంట చేతికొచ్చినంక తిరిగిచ్చుడు, దీనికి వడ్డీ లేదు, నోటు లేదు. ఒకసారి ఇచ్చినోడికి ఇంకోసారి దొరుకుతది. ఎప్పుడూ కాదనెటోడి ఇంటికి ఎవడూ రాడు, వాడికి అవసరమైననాడు గూడ ఎవడూ పలకడు. మంచితనమే మా తాన ఇన్సూరెన్సు. కాగితాలు, సెక్షన్లు అనుకుంట పోతే ఆ నమ్మకం మొత్తం చెడగొట్టుకున్నట్టే.

మనోవిజ్ఞానం_పాఠం

మీరు చెప్పింది అక్షరాలా నిజం, దాన్ని తీసేయకూడదు. అయితే మీ చేబదులులో మూడు సంగతులు ఉన్నాయి చూడండి. మొత్తం చిన్నది. గడువు పంటతో ముడిపడి ఉంది, అందరికీ తెలుసు. తీసుకున్నవాడు ఎగ్గొడితే ఊరంతటికీ తెలుస్తుంది. హామీ సంతకంలో ఈ మూడూ లేవు. మొత్తం పెద్దది, గడువు ఏళ్లు, అడిగినవాడు రేపు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతే ఊరికి తెలియదు. ఊళ్లో చేబదులుకి పనిచేసిన అలవాటునే తీసుకెళ్లి 44 నెలల చీటీకి వాడుతున్నాం. దెబ్బ తగిలేది అక్కడే.

సివిల్_గుమాస్తా

పాలమూరు అన్నా, పదివేలకి నోటు రాయమని నేనూ చెప్పను. లక్ష దాటితే మాత్రం కాగితం ఉండాలి. కాగితం వల్ల నమ్మకం పోదు, రెండేళ్ల తర్వాత "నేను తీసుకుంది ఎనభై వేలే" అన్న మాట రాకుండా ఉంటుంది. ప్రామిసరీ నోటు ఎలా ఉండాలో చెప్తాను, ఇందులో జరిగే తప్పులు ఎక్కువ.

నోటులో ఇచ్చినవాడి పేరు, తీసుకున్నవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, మొత్తం అంకెల్లో, అక్షరాల్లో, వడ్డీ రేటు ఉండాలి. అసలు వాక్యం "తమరు గాని, తమరి ఆర్డరు పొందినవారు గాని కోరినప్పుడు అసలు, వడ్డీ చెల్లించగలవాడను" అన్నది. దాని కింద రెవెన్యూ స్టాంపు అతికించాలి. కోరినప్పుడు చెల్లించే నోటుకి చట్టం అడిగేది పైసల్లోనే గానీ, రూపాయి రెవెన్యూ స్టాంపు వేస్తారు. సంతకం స్టాంపు మీద అడ్డంగా, సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడాలి. అలా పడితే స్టాంపు రద్దయినట్టు, ఇంకో చోట వాడుకోవడానికి వీల్లేదు. స్టాంపు పక్కన ఎక్కడో సంతకం చేయించి స్టాంపు ఖాళీగా వదిలేయడం మామూలుగా జరిగే తప్పు.

స్టాంపు లేని ప్రోనోటుని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. మిగతా పత్రాలకైతే తర్వాత జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు, ప్రోనోటుకి ఆ వీలు కూడా లేదు.

వడ్డీ రాయకపోతే వడ్డీ రాదనుకుంటారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 80 కింద, రేటు రాయని నోటుకి ఏడాదికి నూటికి 18 లెక్క. బంధువుల మధ్య వడ్డీ వద్దనుకుంటే "వడ్డీ లేదు" అని స్పష్టంగా రాసుకోండి. అది తీసుకున్నవాడికి రక్షణ.

గడువు మూడేళ్లు. 2023 జూన్ 10న రాసిన నోటుకి 2026 జూన్ 10లోపు దావా వేయాలి. ఈలోపు కొంత డబ్బు కడితే నోటు వెనక చెల్లు వేయించాలి. "2026 మార్చి 5న 20,000 చెల్లించాను" అని తేదీతో రాసి, కింద తీసుకున్నవాడే సంతకం పెట్టాలి. అప్పుడు మూడేళ్లు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతాయి. ఇచ్చినవాడే చెల్లు రాసుకుని, బాకీదారు సంతకం లేకుండా వదిలేస్తే గడువు పెరగదు. "చిన్నాన్నని మళ్లీ సంతకం ఏం అడుగుతాం" అని మొహమాటపడి నోటు కాలం చెల్లనిచ్చేది ఇక్కడే. నోటు తిరగరాస్తే తీసుకున్నవాళ్లు పాత నోటు వెనక్కి తీసుకుని చించేయాలి. లేకపోతే ఒకే బాకీకి రెండు నోట్లు బతికుంటాయి.

సాక్షి సంతకం సంగతి కూడా. సాక్షిగా పెట్టినవాడికి డబ్బు బాధ్యత లేదు, కోర్టుకి వచ్చి చెప్పాల్సి రావొచ్చు అంతే. అయితే పెన్ను పట్టుకునే ముందు మీ పేరు పైన "సాక్షి" అని ఉందో, "హామీదారు" అని ఉందో చూడండి.

సీమ_పల్లె

గుమాస్తాగారూ, ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో పంపితే నోటు అవసరమా? వాట్సాప్ మెసేజీలు చెల్లుతాయా?

సివిల్_గుమాస్తా

యూపీఐలో పంపడం నగదు కన్నా చాలా మేలు. బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది. పంపేటప్పుడు వివరం గడిలో "చేబదులు" అని రాయండి, ఖాళీగా వదిలితే తర్వాత "నాకు బాకీ ఉన్నది తిరిగిచ్చాడు" అనొచ్చు. వెంటనే ఒక మెసేజి: "అన్నా, 1,50,000 పంపాను, సంక్రాంతి తర్వాత ఇస్తానన్నావు, అందిందా?" అవతల నుంచి "అందింది" అని వస్తే ఒప్పుకోలు. ఇది అడగడం ఎవరికీ అవమానంగా అనిపించదు, నోటు రాయమనడానికి మొహమాటపడేవాళ్లకి సరైన దారి. కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి, స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఫోను మారిస్తే పాత చాట్ పోకుండా చూసుకోండి.

నగదుగా 20,000 లేదా అంతకు మించి అప్పు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెప్తుంది. జరిమానా తీసుకున్నవాడి మీద పడుతుంది, అదీ తీసుకున్నంత మొత్తం. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. కాబట్టి బ్యాంకు ద్వారా పంపడం తీసుకునేవాడి మేలు కోసమే అని చెప్పండి, అది నిజం కూడా.

ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకండి. ఇష్టపూర్వకంగా సంతకం పెట్టిన ఖాళీ చెక్కుని ఇంకొకరు నింపినా, బాకీ ఉందన్న ఊహ వర్తిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ లేదని నిరూపించుకోవాల్సింది మీరే అవుతారు.

వంటింటి_ఖాతా

కాదనడం ఎలా అన్న ప్రశ్నకి ఎవరూ రాలేదు, నేను రాస్తాను. దీనికీ పద్ధతి ఉంది.

మగవాళ్లు ఎక్కువగా వాడే మాట "ఇంట్లో అడిగి చెప్తాను". ఇది రెండు విధాలా చెడ్డది. మొదటిది, అడిగినవాడు మర్నాడు నేరుగా ఇంట్లో ఆడవాళ్ల దగ్గరికి వస్తాడు, వదినా అని కూర్చుంటాడు. రెండోది, ఆమె కాదంటే చెడ్డపేరు ఆమెకి, మంచివాడన్న పేరు ఈయనకి మిగులుతాయి. ఇంట్లో అడగడం మంచిదే, అడగాల్సిందే. బయటికి మాత్రం "మేమిద్దరం అనుకున్నాం, హామీలు పెట్టకూడదని" అని కలిపి చెప్పాలి.

అబద్ధపు సాకులు కూడా పనికిరావు. "నా సిబిల్ బాగోలేదు", "నా పేరు మీద ఇప్పటికే హామీ ఉంది", "ఈ నెల టైట్‌గా ఉంది" అంటే అవి తీరాక మళ్లీ వస్తారు. సాకుకి గడువు ఉంటుంది, నియమానికి ఉండదు. ఇలా చెప్పొచ్చు: "బావా, డబ్బు నా దగ్గరుంటే ఇస్తాను గానీ, సంతకం ఎవరికీ పెట్టను. తమ్ముడికీ పెట్టలేదు." ఆ చివరి మాట నిజమై ఉండాలి. ఒక్కరికి పెట్టారని తెలిస్తే మిగతావాళ్లకి కోపం వస్తుంది, ఆ కోపంలో న్యాయం ఉంది.

ఆ వెంటనే చేయగలిగింది ఒకటి చెప్పాలి. ఒట్టి "కాదు" మనవాళ్ల మధ్య నిలవదు. తిరిగి రాకపోయినా ఇల్లు కదలనంత మొత్తం ఎంతో ముందే ఆలుమగలు కూర్చుని తేల్చుకోండి. నెల ఖర్చులు, కిస్తీలు, ఫీజులు పోగా మిగిలే దాంట్లో రెండు నెలల మిగులు అనుకోండి. నెలకి 8,000 మిగిలే ఇంటికి అది 16,000. ఐదు లక్షల హామీ అడిగినవాడికి "సంతకం కుదరదు, పదిహేను వేలు ఉన్నాయి, ఇది తీసుకో, తొందరేం లేదు" అంటే ఎవరూ శత్రువు కారు. ఆ డబ్బుని మనసులో అప్పుగా కాక సాయంగా రాసుకోండి, అప్పుడు పెళ్లిళ్లలో ఎదురుపడ్డా మొహం చాటేసుకోవాల్సిన పని ఉండదు.

కబురుకీ వయసుకీ లెక్క ఉంది. మేనమామ వయసువాళ్లు స్వయంగా ఇంటికొచ్చి అడిగితే ఫోనులో కాదనకూడదు, వాళ్లింటికి వెళ్లి చెప్పాలి. తోటివాళ్లకి ఫోను చాలు. ఎవరికైనా సరే నాన్చడం అన్నిటికన్నా చెడ్డది. నాలుగు వారాలు "చూద్దాం" అంటే వాళ్లు వేరేవాళ్లని అడగకుండా మీ మీదే ఆధారపడి కూర్చుంటారు, ఆఖర్లో కాదంటే నిజంగానే మోసం చేసినట్టు అవుతుంది.

మనోవిజ్ఞానం_పాఠం

వంటింటి ఖాతా గారు రాసిన దానికి ఒక ఆధారం కలుపుతాను. మనిషి ఎదురుగా నిలబడి అడిగితే కాదనడం ఎంత కష్టమో రోఘానిజాద్, బాన్స్ 2017లో కొలిచారు. ఒకే అభ్యర్థన అపరిచితుల్ని ఎదురుగా అడిగితే, ఈమెయిల్‌లో అడిగినదానికన్నా 34 రెట్లు ఎక్కువ ఫలించింది. అడిగేవాళ్లు ఈ తేడాని ఊహించలేకపోయారు. అంటే సంతకం అడిగేవాడు ఒత్తిడి చేయాలని రాకపోవచ్చు, తను అడిగితే అవతలివాడికి ఎంత ఇబ్బందో వాడికే తెలియదు. దీంట్లోంచి వచ్చే పని సులువైనది: ఎదురుగా అడిగినదానికి ఎదురుగా జవాబివ్వొద్దు. "గురువారం సాయంత్రం చెప్తాను" అని రోజు పేరు పెట్టి చెప్పండి, ఆ రోజు తప్పకుండా చెప్పండి. రోజు చెప్పకపోతే అది ఆవిడ చెప్పిన నాన్చుడు అవుతుంది.

డాలస్_ప్రవాసి

అమెరికా వచ్చిన మన పిల్లల గురించి ఒక్క ముక్క. నలుగురు కలిసి అపార్ట్‌మెంటు తీసుకుంటారు. లీజులో పేరున్న ప్రతి ఒక్కరూ మామూలుగా మొత్తం అద్దెకి బాధ్యులు, నాలుగో వంతుకి కాదు. ఇద్దరు మధ్యలో ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రానికి వెళ్లిపోతే మిగిలిన ఇద్దరి మీదే పడుతుంది. "పేరు ఒకటి ఉంచు, నేనే కడతాను" అని కొత్తగా వచ్చిన స్నేహితుడి కోసం లీజులో ఉండిపోయేవాళ్లు చాలామంది. ఇల్లు ఖాళీ చేసిన రోజే లీజు నుంచి పేరు తీసేసినట్టు ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. కారు లోనుకి, చదువు అప్పుకి కోసైన్ చేసినా ఇంతే. అది మీ క్రెడిట్ రిపోర్టులోకి వస్తుంది.

సీమ_పల్లె

ఇప్పటికే హామీ ఇచ్చి ఉంటే బయటికి రావడానికి దారేమైనా ఉందా?

రుణశాఖ_మూర్తి

టర్మ్ లోన్ అయితే ఏకపక్షంగా రాలేరు. అప్పు తీసుకున్నవాళ్లు మీ బదులు వేరే హామీదారుని చూపించాలి, బ్యాంకు ఒప్పుకోవాలి, మీకు విడుదల లేఖ ఇవ్వాలి. ఆ లేఖ చేతికొచ్చేదాకా మీరు హామీలోనే ఉన్నట్టు.

క్యాష్ క్రెడిట్‌కి దారి ఉంది. ఒప్పందాల చట్టం సెక్షన్ 130 కింద బ్యాంకుకి రాతపూర్వకంగా నోటీసిస్తే ఇకముందు తీసుకునే మొత్తాలకి మీ హామీ ఆగుతుంది. నోటీసు నాటికి ఉన్న బాకీ మాత్రం మీదే. కొన్ని పత్రాల్లో ఇన్ని నెలల ముందు చెప్పాలని షరతు ఉంటుంది, చూసుకోండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. క్యాష్ క్రెడిట్ మామూలుగా ఏటా రెన్యూవల్‌కి వస్తుంది, అప్పుడు హామీదారుల సంతకాలు మళ్లీ తీసుకుంటారు. బయటికి రావడానికి అదే సరైన సమయం. రెన్యూవల్‌కి రెండు నెలల ముందు బాకీదారుకి చెప్పండి, వాళ్లు ఇంకొకర్ని చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది. వ్యాపారం నడుస్తున్నప్పుడు చెప్తే సంబంధం కూడా చెడదు. ఖాతా మొండిబాకీ అయ్యాక ఎంత మంచిగా చెప్పినా ఎవరూ వినే స్థితిలో ఉండరు.

తెనాలి_చదువరి

చివరగా ఒకటి. హామీదారు డబ్బు కట్టేశాడు అనుకుందాం. ఇక అంతేనా, బంధువే కదా అని వదిలేయాలా?

సివిల్_గుమాస్తా

వదిలేయాలని చట్టం ఎక్కడా అనదు. ఒప్పందాల చట్టం సెక్షన్ 145 కింద, సక్రమంగా కట్టిన ప్రతి రూపాయి బాకీదారు నుంచి రాబట్టుకునే హక్కు ఉంది. గడువు మీరు కట్టిన రోజు నుంచి మూడేళ్లు. కట్టేటప్పుడే నాలుగు పనులు చేయాలి. డబ్బు మీ ఖాతా నుంచే, మీ పేరు మీదే వెళ్లాలి, బాకీదారు చేతికిచ్చి కట్టించకూడదు. రసీదులో "హామీదారుగా చెల్లించిన మొత్తం" అని రాయించుకోవాలి. ఆ అప్పుకి తాకట్టుపెట్టిన బంగారమో స్థలం పత్రాలో బ్యాంకు దగ్గర ఉంటే, మొత్తం బాకీ కట్టిన హామీదారుకి 140, 141 సెక్షన్ల కింద వాటి మీద హక్కు వస్తుంది. బ్యాంకు వాటిని బాకీదారుకి తిరిగిచ్చేయకముందే రాతపూర్వకంగా అడగాలి, సెక్షన్ల హక్కు వదులుకునే మాట మీ పత్రంలో ఉందేమో చూసుకుని. తోటి హామీదారు ఉంటే ఆయన వాటా సెక్షన్ 146 కింద అడగొచ్చు.

ఇవి చేసినంత మాత్రాన రేపే దావా వేసినట్టు కాదు. కాగితాలు సరిగ్గా ఉంటే, బాకీదారుతో పెద్దమనుషుల మధ్య కూర్చుని నెలకి ఇంత అని ఒప్పందం రాసుకోవచ్చు. ఆ ఒప్పందం మీద ఆయన సంతకం, తేదీ ఉంటే మూడేళ్ల గడువు కూడా ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది. పాత గడువు ముగిసేలోపు చేయించుకోండి.